జట్టు వెంట జట్టు మారే ఐస్ హాకీ డిఫెన్స్‌మన్ విఫలుడైనట్టేనా?

ప్రశ్న: మారతహళ్ళి వాసి

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, శీతకాలంలో ఇక్కడి వేళ ప్రకారం తెల్లవారుజామున ఐదున్నరకు మొదలయ్యే అమెరికా, కెనడా జట్ల నేషనల్ హాకీ లీగ్ మ్యాచ్‌లను ఆఫీసుకు బయలుదేరేలోగా చూస్తుంటాను. గోల్ కాపాడేందుకు ఇద్దరిద్దరుగా ఆడే డిఫెన్స్‌మెన్‌లో, ఈ ఏడు ఒక జట్టు మూడవ జోడీలో ఆడినవాడు మరుసటి ఏడు వేరే నగరంలోనో, కింది స్థాయి అమెరికన్ హాకీ లీగ్‌లోనో కనిపిస్తాడు. నాతో ఆట చూసే తెలుగు మిత్రులు అలాంటివాణ్ణి పనికిరానివాడని తీసిపారేస్తున్నారు. నాకు ఆ మాట అన్యాయంగా తోస్తోంది. తెలిసినవారు వివరించగలరా?

జవాబు: నీలిగీత

మారతహళ్ళి వాసి గారూ, ఆటగాడి ప్రతిభ కన్నా ముందు లీగ్ లెక్కలు చూడాలి. మ్యాచ్‌కు ఒక్కొక్క జట్టు దింపేది సాధారణంగా ఆరుగురు డిఫెన్స్‌మెన్‌ను మాత్రమే. ఏడవవాడు జీతం తీసుకుంటూనే వారాల తరబడి గ్యాలరీలో కూర్చోవలసి రావచ్చు. జట్ల మొత్తం జీతాలకు గరిష్ఠ పరిమితి ఉండటం వల్ల, పేరున్నవారికి పెద్ద మొత్తాలు పోగా మిగిలిన స్థానాలను కనీస జీతానికి దగ్గరగా, ఏడాది ఒప్పందాలతో నింపుతారు. వారిలో చాలామందివి రెండంచెల ఒప్పందాలు, అంటే పై లీగ్‌లో ఒక జీతం, కింది లీగ్‌లో అందులో చిన్న భాగం. కొంత అనుభవం గడించిన ఆటగాణ్ణి కిందికి పంపాలంటే ముందుగా వేవర్స్‌లో, అంటే మిగతా జట్లకు అందుబాటులో, పెట్టాలి. అప్పుడు 24 గంటల్లో మిగతా జట్లలో ఏదైనా అతణ్ణి తీసుకోవచ్చు, తీసుకుంటే అతను వెళ్ళక తప్పదు. ఊరు మారడం చాలాసార్లు అతని నిర్ణయం కానే కాదు.

జవాబు: జయనగరం పాఠకుడు

డిఫెన్స్‌మన్ రాన్ హైన్సీ సంగతి మీ మిత్రులకు చెప్పండి. 2000లో డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే చోట, మాంట్రియల్ జట్టు ఆయనను 13వ స్థానంలో ఎంపిక చేసింది, 2005లో వేవర్స్‌లో పెట్టగా కొలంబస్ తీసుకుంది. అక్కడి నుంచి అట్లాంటాకు, ఆ జట్టే తరలిపోగా విన్నిపెగ్‌కు, ఆపై కరోలినాకు వెళ్ళి, సీజను చివరి నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్‌లో ఒక్క మ్యాచ్ కూడా లేకుండా 907 లీగ్ మ్యాచ్‌లు ఆడారు. 2017 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్ ఆయనను తెచ్చుకుంది. కొద్ది వారాలకే ఆ జట్టు ప్రధాన డిఫెన్స్‌మన్ క్రిస్ లెటాంగ్ మెడ శస్త్రచికిత్సతో సీజనుకు దూరమయ్యారు. ఆ లోటు నడుమ, 36 ఏళ్ళ వయసులో, హైన్సీ ప్లేఆఫ్‌లోని 25 మ్యాచ్‌లూ ఆడి, లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ అందుకున్నారు. పనికిరానివాడిని అంతటి సమయంలో ఎవరు నమ్ముకుంటారు?

ఇంకొక మాట. గోల్ కొట్టేవాడి విలువ అంకెల్లో కనబడుతుంది. ఇలాంటి డిఫెన్స్‌మన్ చేసే పని కనబడదు: తన జట్టులో ఒకరు శిక్షగా పెనాల్టీ బాక్స్‌లో కూర్చున్నప్పుడు పక్‌కు (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళకు) అడ్డంగా పడటం, ఎదురు వచ్చేవాణ్ణి గోడ వైపు నెట్టుకుంటూ పోవడం, ఒత్తిడిలోనూ తొణకకుండా తొలి పాస్ సరిగ్గా అందించడం. పైగా ప్రతి కొత్త జట్టులోనూ కోచ్ పద్ధతినీ, పక్కన ఆడే జోడీ అలవాట్లనూ రోజుల వ్యవధిలో ఒంటబట్టించుకోవాలి. దీన్ని నేను అరుదైన నైపుణ్యంగానే లెక్కిస్తాను.

జవాబు: కోరమంగళ

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను గానీ, హైన్సీ కథ అందరి కథ కాదు. డ్రాఫ్ట్ మొదటి వరుసలో ఎంపికైనవారికీ కింది లీగ్‌కు దిగే రోజులు వస్తాయి. 2008లో టొరంటో 5వ స్థానంలో తీసుకున్న ల్యూక్ షెన్ పదేళ్ళ తరువాత కింది లీగ్‌లో ఆడి, తిరిగి పైకి వచ్చి, టాంపా బేతో 2020, 2021ల్లో వరుసగా కప్ గెలిచారు. ఆ తిరుగుదారి దొరకనివారే ఎక్కువ. వారిలో కొందరు స్వీడన్, జర్మనీ లీగ్‌లకు వెళతారు. ఐరోపాలో అనేక చోట్ల మైదానం అమెరికా మైదానం కన్నా వెడల్పు ఎక్కువ కావడంతో, బలం మీద ఆధారపడినవాడు అక్కడ స్కేటింగ్‌ను మెరుగుపరచుకోక తప్పదు. సీజను మధ్యలో బదిలీ జరిగితే ఆటగాడు వెంటనే విమానమెక్కుతాడు, ఇల్లు ఖాళీ చేయడం, పిల్లల బడి మార్చడం భార్య మీద పడతాయి. మీ మిత్రులు అతణ్ణి తూచదలిస్తే, ఎన్ని జట్లు వదులుకున్నాయో లెక్కించినప్పుడే ఎన్ని జట్లు పిలిచి తీసుకున్నాయో కూడా లెక్కించమనండి.