అడవికోడి అంటే ఏ కోడి?

అన్నలారా అక్కలారా, ఒక పేరు సంగతి తేల్చాల. మొన్న కర్ణాటకలోని ఆగుంబె పోయింటిమి, ఆ కొండల్లో నేలంతా తడి ఆకులే, దాంట్లో గీరుకుంటా ఒక పిట్టల జత కనపడె, ఫోటో పెట్టినా. ఒకటి ఇటుకరంగు, కంటి చుట్టూ ఎరుపు, కాళ్లూ ఎరుపే, నెత్తిన మాత్రం జుట్టు లేదు, మమ్మల్ని చూసి ఎగరకుండా పొదల్లోకి పరిగెత్తె. డ్రైవరన్న కన్నడంలో కాడుకోళి, అంటే అడవికోడి అనె. మా అనంతపురం పక్క అడవికోడి అంటామే, అదేనా ఇది?

— అది కాదు తమ్ముడూ. అడవికోడి పుంజుకు జుట్టుంటాది, మెడ ఈకల మీద పసుపు చుక్కలు మైనం పూసినట్ల మెరుస్తాంటాయి. పోనీ పెట్ట అనుకుందామా, దాని రొమ్ము తెల్లగా ఉండి ఈకల అంచులు నల్లగా ఉంటాయి, కాళ్లు పసుపు. ఎర్రకాళ్లు, కంటి చుట్టూ ఎర్రతోలు అంటే ఇంగ్లీషోళ్లు రెడ్ స్పర్‌ఫౌల్ అనేదే, మగదానికి ఒక్కో కాలికి రెండు మూడు ముళ్లు కూడా ఉంటాయి. జెర్డాన్ దొర 1860ల్లో అచ్చయిన పక్షుల పుస్తకంలో దీన్ని ఎర్రకోడి అని, మన రాళ్లగుట్టల్లో తిరిగే దీని చుట్టం, ఒంటిమీద చుక్కలుండేదాన్ని జిట్టకోడి అని తెలుగు పేర్లు రాసినాడు. నేనైతే ఎర్ర జిట్టకోడి అంటా, ఉత్త ఎర్రకోడి అంటే నాటుకోడి అనుకుంటారు.

— అడవిలో ఉండే కోడి అడవికోడి కాక ఏమైతాది అక్కా? రెండూ కోడి జాతే గదా.

— జాతి చూసి పెట్టుంటే మా కడప కలివికోడికి కోడి అనే మాటే రాదు అన్నా. రాత్రిళ్లు లంకమల పొదల్లో నేలమీద తిరిగే పిట్ట అది, 1900 తర్వాత ఎవురికీ కనపడక 1986లో మళ్లీ దొరికె, దానికీ కోడికీ చుట్టరికమే లేదు. నీటికోడీ అంతే. నేలమీద నడిచి మేసేదాన్ని మన పెద్దోళ్లు కోడి అన్యారు, ఏ కోడో తెలిసేదానికి ముందర ఇంకో మాట తగిలించినారు, కలివి పొదల్లో ఉండేది కలివికోడి. ఆ ముందరి మాటలోనే వాళ్లు చూసిందంతా ఉండాది, అన్నిటికీ అడవికోడి అనేస్తే అది పోతాది, నాకు బాధ అదే.

— సరే అక్కా, ఫోటో కింద ఎర్ర జిట్టకోడి అని మారుస్తా. ఆత్మకూరు, శ్రీశైలం తట్టు వాళ్లు ఎవురన్నా ఉంటే చెంచులు దీన్నేమంటారో కనుక్కోని రాయండి.