చర్చి ఉత్సవ సంచికకు ఏ సంవత్సరం వెయ్యాలి? మూడు చోట్ల మూడు తేదీలు

గంటస్తంభం:
అందరికీ వందనాలు. భీమిలి వైపు ఒక పాత బాప్టిస్టు చర్చికి ఉత్సవ సంచిక తయారవుతోంది. గేటు బోర్డుకీ పునాది రాతికీ ఇరవై ఏళ్ళ తేడా ఉంది. బాప్తిస్మ రిజిస్టరులో మొదటి పేరు ఆ రెంటికన్నా పాతది. సంఘ పెద్దలు మూడు వర్గాలయ్యారు. పునాది రాతికి ఎనామిల్ రంగు పూసేశారు, సగం అక్షరాలు కనపడవు. ఏది నమ్మాలి, ఇంకెక్కడ వెతకాలి?

తీరవాసి:
మూడూ నిజమే కావచ్చండి, మూడూ వేర్వేరు సంగతుల తేదీలు గనుక. మిషనరీ వచ్చి కాపురం పెట్టిన ఏడు ఒకటి. బాప్తిస్మం పొందినవాళ్ళు నిబంధన (దేవుని ముందు ఒప్పందం) చేసుకుని సంఘంగా ఏర్పడిన రోజు ఇంకొకటి. పునాది వేసింది ఒకటి, ఆలయ ప్రతిష్ఠ మరొకటి. డబ్బు ఆగితే పని ఆగేది కాబట్టి చివరి రెంటి మధ్య ఏళ్ళు గడవడం మామూలే. బాప్టిస్టుల లెక్కలో సంఘం పుట్టింది రెండో తేదీన. భవనం లేకపోయినా బంగళా వరండాలో సంఘం ఉంటుంది. రిజిస్టరులో మొదటి బాప్తిస్మం ఇంకా ముందుదైతే ఆ విశ్వాసి అప్పటికి వేరే ఊరి సంఘంలో సభ్యుడై ఉండొచ్చు. ఆ వరుసలో 'ఎక్కడ' అన్న గడి చూడండి. సంచికలో నాలుగు తేదీలూ పేర్లతో సహా వెయ్యండి, గొడవ సగం తీరుతుంది.

ఒక్క పొరపాటు మాత్రం చెయ్యకండి. విశాఖకు లండన్ మిషన్ వాళ్ళు, జార్జ్ క్రాన్, డెగ్రాంజ్, 1805లో వచ్చారు. క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో వాళ్ళు చేసిన తెలుగు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. అది చూపించి 'మా సంఘం 1805 నుంచి' అని రాసేవాళ్ళున్నారు. మీ వైపు బాప్టిస్టు సంఘాలు పెట్టిన కెనడియన్ బాప్టిస్టులు కాకినాడలో పని మొదలుపెట్టిందే 1874లో. మీ సంఘం అంతకన్నా పాతది కాలేదు, ముందు వేరే మిషన్‌దై ఉంటే తప్ప.

కొండరాయి:
రాయి సంగతి. ఎనామిల్‌ని బ్లేడుతో గీకొద్దు, యాసిడ్ అసలొద్దు. మన కొండల ఖోండలైట్ రాయి మెత్తన, సముద్రపు ఉప్పు పట్టి పొరలుగా లేస్తుంది. గీకితే రంగుతోపాటు అక్షరమూ పోతుంది. వైరు బ్రష్షు, బ్లీచింగు కూడా అంతే. నిజానికి చాలాసార్లు రంగు తియ్యక్కర్లేదు. రాత్రి దీపాలార్పి, టార్చిని రాతికి ఆనించినట్టు పక్కనుంచి పట్టండి. చెక్కిన గాడిలో నీడ పడి అక్షరం తేలుతుంది. ఎడమ, కుడి, పైన, కింద, నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టుకోండి. ఒక్క ఫోటోతో చదివితే 3, 8 కలిసిపోతాయి. సున్నం పూతే అయితే నీళ్ళతో నానబెట్టి వెదురు పుల్లతో మెల్లగా తియ్యొచ్చు, అదీ రాయి గట్టిగా ఉంటేనే. సమాధుల మీద పాచికి నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. పగటిపూట అయితే ఎండ ఏటవాలుగా పడే ఉదయం ఏడూ ఎనిమిదింటికి చదవండి.

తీరవాసి:
కాగితాల సంగతి వదిలేశాను. భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం మొదట కెనడా తూర్పు తీరపు బాప్టిస్టులవి. చాలామంది నేరుగా కెనడాలోనే హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ భాండాగారానికి రాసి ఏమీ దొరక్క ఊరుకుంటారు. ఆ తూర్పు తీరంలోని నోవా స్కోషియాలో ఉన్న అకేడియా విశ్వవిద్యాలయానికి కూడా రాయాలి. లండన్ మిషన్ ఉత్తరాలు లండన్‌లో సోయాస్ లైబ్రరీలో ఉన్నాయి. రాసేటప్పుడు పాత స్పెల్లింగులే వాడండి: బిమ్లీపటామ్ (భీమిలి), విజగపటామ్ (విశాఖ), చికకోల్ (శ్రీకాకుళం). 'భీమునిపట్నం' అని వెతికితే శూన్యం.

బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు ప్రాంతపు బాప్తిస్మ, వివాహ, సమాధి నకళ్ళు ఎన్/2 వరుసలో ఉన్నాయి. అవి ఎక్కువగా ఇంగ్లండు చర్చి వాళ్ళవి, యూరోపియన్ కుటుంబాలవి. తెలుగు విశ్వాసుల పేర్ల కోసం అక్కడ నెలలు వృథా చెయ్యకండి. పెళ్ళిళ్ళకైతే 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఒక ప్రతి ప్రభుత్వానికి వెళ్ళాలి. చర్చి రిజిస్టరు చెదలు తిన్నా అక్కడ అడిగి చూడొచ్చు.

లంగరు:
ఒక సవరణ లాంటిది. బాప్టిస్టు రిజిస్టరులో బాప్తిస్మ తేదీ నుంచి వయసు లెక్కకట్టకండి. వాళ్ళిచ్చేది పెద్దయ్యాక, ముంచి. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి), కేథలిక్ రిజిస్టర్లలో పసిపిల్లలుంటారు. కేథలిక్ పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయి. అందులో నెల స్థానంలో '7బ్రిస్' అని ఉంటే జూలై అనుకోకండి, సెప్టెంబరు. 8 అక్టోబరు, 9 నవంబరు, ఎక్స్ డిసెంబరు. మార్చి మొదటి నెలగా పాత రోమన్ లెక్క అది.

గంటస్తంభం:
చాలా వందనాలు. 'ఎక్కడ' గడిలో బొబ్బిలి అనే ఉంది! స్థలం కాగితాలు కూడా సంచికలో వెయ్యమంటున్నారు కొందరు.

తీరవాసి:
వెయ్యకండి. మిషన్ స్థలాలు ట్రస్టు పేరున ఉంటాయి, వాటి మీద కేసులు ఎక్కువ. టౌన్ సర్వే రిజిస్టరు నకలు, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీసి ఫైల్లో పెట్టుకోండి, అచ్చుకి ఇవ్వొద్దు. రిజిస్టర్లకు లామినేషన్, సెల్లోటేపు కూడా వద్దు. పుట పుటకీ అంకె చీటీ పెట్టి ఇద్దరు కూర్చుని ఫోటోలు తియ్యండి. ఒకరు పుట తిప్పాలి, ఒకరు తీయాలి. ఒక్కరే చేస్తే పుటలు తప్పిపోతాయి.