ఏడు మాత్రల పాట, ఎనిమిది లెక్క

ప్రశ్న: వచ్చే నెల హైదరాబాద్ లామకాన్‌లో నేనూ మా చెల్లీ కాంటెంపరరీ డాన్స్ డ్యూయెట్ చేస్తున్నాం. సంగీతం మా బావ కొత్తగా కట్టాడు, అంతా మిశ్ర చాపు తాళం, అంటే చుట్టుకి ఏడు మాత్రలు (బీట్లు). నాది కూచిపూడి అలవాటు, తకిట తకధిమి అని ఏడు లెక్కపెట్టుకుంటా. చెల్లికి ఎనిమిదే వచ్చు. తను నన్ను ఎత్తి పట్టుకునే లిఫ్ట్ దగ్గర నేను ఎగిరాక తను చేతులు చాస్తోంది! నిన్న మోకాలు చెక్కుకుపోయింది. ఒకటే టెన్షన్.

జవాబు: తనని ఎనిమిదిలోనే ఉండనివ్వమ్మా. 56 మాత్రలయ్యాక ఇద్దరికీ ‘ఒకటి’ ఒకేసారి పడుతుంది. మీకు ఎనిమిది ఆవర్తాలు (చుట్లు), తనకి ఏడు. లిఫ్ట్ అక్కడ పెట్టండి.

ఇంకో జవాబు: లెక్క మానేసి చెల్లి ఊపిరి వినండి. అమెరికన్ నర్తకుడు మెర్స్ కన్నింగ్‌హామ్, సంగీతకారుడు జాన్ కేజ్ అయితే నాట్యం, సంగీతం విడివిడిగా కట్టి ప్రదర్శనలోనే కలిపేవారు. (బావకి చెప్పకండి.)

ప్రశ్న అడిగినామె: 56 పనిచేసింది అక్కా! కేజ్ సంగతి చెల్లి చెప్పేసింది. బావ అలిగాడు.