పదవీ విరమణ తరువాతి యాత్రలు: ముందు ఊరు చూసుకోవాలా, ఒంటికి వీలు చూసుకోవాలా?

ప్రశ్న (మలక్‌పేట నుంచి)

అందరికీ నమస్కారం. నిరుడు పదవీ విరమణ చేశాను. నాకు 61 ఏళ్లు, మా ఆవిడకు 58. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు కనుక ఏడాదికొక పెద్ద ప్రయాణం చేద్దామని కొంత సొమ్ము విడిగా పెట్టుకున్నాం. మొదటగా ఒక ట్రావెల్స్ వారి బస్సులో పన్నెండు రోజుల దక్షిణాది క్షేత్రాల యాత్రకు వెళ్లాం. తెల్లవారుజామున నాలుగింటికి గది ఖాళీ చేయడం, రాత్రి పదకొండింటికి మరో ఊళ్లో దిగడం; ఆరో రోజుకల్లా ఆమె మోకాళ్లు వాచిపోయాయి. అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ నేనొక్కణ్నే చేసి వచ్చాను. ఇంటికి చేరాక ఆమె ఒకే మాట అంది: “ఇన్ని గుళ్లు చూశాం, ఒక్క గుళ్లోనూ పది నిమిషాలు కూర్చోలేదు.”

నాకు కేదార్‌నాథ్, బదరీనాథ్ చూడాలని ఎప్పటినుంచో ఉంది. ఆమెకు మంచి పడక, వెస్టర్న్ టాయిలెట్, ఇంటి భోజనం ఉంటే చాలునని నా అంచనా. అందుకే ఈసారి ఎక్కడికి వెళ్లినా వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకుందామనుకుంటున్నాను. ఊరు ముందు ఎంచుకుని సౌకర్యాల విషయంలో సర్దుకుపోవాలా, లేక మాకు తప్పనిసరైన వసతులేవో ముందు తేల్చుకుని వాటికి సరిపడే ఊళ్లకే వెళ్లాలా? అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం 1 (తార్నాక నుంచి)

అయ్యా, రైల్వేలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ని కాబట్టి ప్రయాణం వరకే చెబుతాను. మన వయసువారు ఎంత వేగంగా చేరతామన్నది చూస్తారు గాని, ఎలా చేరతామన్నది చూడరు. సికింద్రాబాద్ నుంచి 2023లో మొదలైన విశాఖ, తిరుపతి వందేభారత్ రైళ్లు శుభ్రంగా, వేగంగా ఉంటాయి. కానీ వాటిలో కూర్చునే సీట్లే ఉంటాయి, నడుము వాల్చడానికి వీలుండదు. నడుము నొప్పి ఉన్నవారికి ఎనిమిది గంటలు కూర్చోవడం కంటే రాత్రి రైల్లో పన్నెండు గంటలు పడుకుని వెళ్లడమే సుఖం. మోకాళ్ల నొప్పి ఉన్నవారికైతే పగటి సీటే మేలు కావచ్చు, ఎందుకంటే కాళ్లు బిగుసుకున్నప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయవచ్చు.

వృద్ధులకిచ్చే టికెట్ రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు గాని, లోయర్ బెర్త్ కోటా అలాగే ఉంది. పురుషులకు 60, స్త్రీలకు 45 ఏళ్లు నిండితే చాలు. అయితే ఒక టికెట్ మీద ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. కొడుకునూ మనవణ్నీ అదే టికెట్‌లో చేరిస్తే ఆ కోటా వర్తించదు, ఈ పొరపాటు చేసేవారు చాలామంది ఉన్నారు. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కనుక ఆ రోజు ఉదయమే కూర్చుని చేసుకోండి. కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి. దానికి దూరంగా, పట్టణానికి అవతలి కొసన ఉండేవారు వేకువన అక్కడికి చేరే శ్రమను కూడా లెక్కలో వేసుకోవాలి.

సమాధానం 2 (కూకట్‌పల్లి నుంచి)

అన్నయ్యగారూ, మీ ప్రశ్నలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇంటి భోజనం ఉంటే ఆమెకు చాలునని మీ అంచనా అన్నారు. ఆమెను అడిగారా?

నేను ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించాను. మావారు కూడా మీలాగే నా మేలు కోరి మైసూరులో పది రోజులకు వంటగది ఉన్న ఇల్లు తీసుకున్నారు. మొదటి రోజు సాయంత్రమే పాలు, పెరుగు, కందిపప్పు కొనుక్కొచ్చాం. మర్నాటి నుంచి నేను ఇంటి దగ్గర చేసిన పనే, తెలియని పొయ్యి మీద, పదును లేని కత్తితో చేశాను. ఆయన ప్యాలెస్ చూసి వచ్చేసరికి నేను చారు పోపు పెడుతున్నాను. ఆయనకు బయటి తిండి పడదు కాబట్టి ఆ వంటగది నిజానికి ఆయన సౌకర్యం; నాకు సౌకర్యమంటే పది రోజులు గరిట పట్టకుండా ఉండడం. ఈ సంగతి నోరు విప్పి చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఒక పూట ఆయనకు పెరుగన్నం దొరికే చోటు చూసుకుంటాం, మిగిలిన పూటలు హోటల్లో తింటాం.

అపార్ట్‌మెంట్ మంచిదే కావచ్చు. అది ఎవరికోసమో మాత్రం ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసుకుని చూసుకోండి.

సమాధానం 3 (వనస్థలిపురం నుంచి)

పై ఇద్దరితో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. నాకిప్పుడు 72. వసతులన్నీ కుదిరే ఊళ్లే ముందు చూద్దామని కేదార్‌నాథ్‌ను వాయిదా వేస్తూ వచ్చాను, ఇప్పుడది నా చేయి దాటిపోయింది. గౌరీకుండ్ నుంచి దాదాపు 16 కిలోమీటర్ల ఎక్కుడు, గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తున. గుర్రం మీదనో హెలికాప్టర్‌లోనో వెళ్లినా ఆ ఎత్తులో ఊపిరి అందడమన్నది మన గుండెకూ ఊపిరితిత్తులకూ సంబంధించిన విషయం, డబ్బు పెట్టి తెచ్చుకునేది కాదు. బదరీనాథ్ దారి వేరు, గుడి దగ్గరి దాకా రోడ్డు ఉంది. మోకాళ్లు బాగాలేని మీ ఆవిడ కూడా కారులో, దారిలో ఒకటి రెండు రాత్రులు ఆగుతూ వెళ్లవచ్చు. ఓపిక కావలసినవి ముందు పెట్టుకోండి, కూర్చుని చూసేవి తరువాత కూడా ఉంటాయి. వెళ్లేముందు ఇద్దరూ డాక్టరుకు చూపించుకోండి.

సమాధానం 4 (అల్వాల్ నుంచి)

మగవారు బయటికి చెప్పుకోని ఒక సంగతి. ప్రొస్టేట్ సమస్య ఉన్నవారికీ, బీపీకి నీరు లాగే మాత్రలు వేసుకునేవారికీ గంట గంటకూ బాత్రూమ్ కావాలి. బస్సు ఆగదేమోనన్న భయంతో నేను నీళ్లు తాగడం మానేసి, మూడో రోజున కళ్లు తిరిగి పడ్డాను. అప్పటినుంచి బాత్రూమ్ లేని వాహనంలో రెండు గంటలకు మించి కూర్చోను. ఊరెంత గొప్పదైనా ముందు ఈ లెక్క చూసుకుంటాను. మాత్రల వేళ మార్చాలనుకుంటే మాత్రం మీ డాక్టరుగారిని అడిగే మార్చండి.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. కూకట్‌పల్లి సోదరి చెప్పినట్లు రాత్రి ఇద్దరం చెరొక కాగితం తీసుకుని రాశాం. మా ఆవిడ కాగితంలో వంటగది లేదు. మొదటి వరుసలో “ఒకే గదిలో కనీసం వారం” అని ఉంది, రెండో వరుసలో “ఎవరూ తొందరపెట్టకూడదు” అని ఉంది. నా కాగితంలో మొదటిది కేదార్‌నాథ్, రెండోది వేడినీళ్లు. ఇన్నేళ్లు కలిసి ఉండి కూడా ఆమెకేం కావాలో నేను ఊహించుకుంటూనే వచ్చానని తెలిసి మనసుకు కష్టమనిపించింది.

వచ్చే మే నెలలో నేను మా తమ్ముడితో కేదార్‌నాథ్ వెళ్తాను, రేపటి నుంచే రోజూ నడక మొదలుపెడతాను. అంతకుముందు, ఈ మాఘమాసంలో మేమిద్దరం కాశీకి వెళ్లి, మన పెద్దలు చెప్పే తొమ్మిది నిద్రలూ ఒకే గదిలో చేద్దామనుకున్నాం. దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు లోయర్ బెర్తులు దొరికితే రైల్లో, లేకపోతే శంషాబాద్ నుంచి విమానంలో. ఘాట్ల దగ్గరి సందుల్లోకి ఆటోలు రావు, మెట్లు ఎక్కువ. ఆటో దిగిన చోటి నుంచి మెట్లు లేకుండా గదికి చేరే బస ఎవరైనా చూసి ఉంటే, అది ఏ ఘాట్ వైపో దయచేసి రాయండి.