అప్‌డేట్: జపాన్‌లో పట్టు దారం తీయడం చూశాం

మాది పుట్టపాక, ఇంట్లో మగ్గం ఉంది గానీ పురుగు నుంచి దారం ఎలా వస్తుందో ఎప్పుడూ చూడలేదు, టోక్యోలో అక్క వాళ్ళింటికి పోతున్నాం, అక్కడ ఎక్కడ చూడొచ్చు అని అడిగాను కదా. చెప్పిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది తోమియోకా సిల్క్ మిల్లు సలహానే. తకాసాకి దాకా షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు), అక్కడి నుంచి చిన్న రైలు. 1872లో జపాన్ ప్రభుత్వం పెట్టిన మిల్లు ఇది, 1987లో మూతపడింది కాబట్టి పెద్ద యంత్రాలు ఆగే ఉంటాయి. చేత్తో దారం తీయడం మాత్రం చూపించారు, నేను అక్కడి నుంచి కదల్లేదు. వేడి నీళ్ళలో పట్టుగూళ్ళు వేస్తే బంక మెత్తబడుతుంది, చిన్న చీపురులాంటి దానితో కొసలు పట్టి, కొన్ని గూళ్ళ పోగులు కలిపి లాగితేనే ఒక దారం అవుతుంది. ఒక్క గూటిలో దాదాపు కిలోమీటరు పోగు ఉంటుందట!

రంగు వేసే ముందు పట్టును సబ్బు నీళ్ళలో ఎందుకు ఉడికిస్తాం, బరువు ఎందుకు తగ్గుతుంది అని అమ్మ ఎప్పుడూ అడిగేది. పోయేది ఆ బంకే, బరువులో సుమారు నాలుగో వంతు.

కిమోనో షాపులు చూడమన్న సలహా దీనికి పనికిరాలేదు, అక్కడ నేసిన బట్టే ఉంటుంది. భాష గురించి టెన్షన్ కూడా అక్కర్లేకపోయింది, అక్క పక్కనే ఉండి చెప్పింది. వెళ్ళేవాళ్ళు దారం తీసి చూపించే రోజులు ముందే కనుక్కోండి.