చిన్న బృందానికి స్క్రిప్టుతోనే ఆటోమేటిక్ బిల్డ్: అనుభవాలు పంచుకోండి

హనుమకొండ_డెవ్:
మడికొండలో నలుగురం కలిసి పనిచేస్తున్నాం. మా కోడ్ అంతా ఆఫీసులోని పాత లినక్స్ సర్వర్‌లో, గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) బేర్ రిపాజిటరీగా, అంటే పని ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండే భాండారంగా ఉంది. ఎవరు పుష్ చేసినా (తమ మార్పులను సర్వర్‌కు పంపినా) బిల్డ్ (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామును తయారుచేయడం), టెస్టులు వాటంతట అవే నడవాలి. ఈ పని చేసే జెన్‌కిన్స్ సాఫ్ట్‌వేర్ పెడదామంటే జావా, ప్లగిన్లు, వాటి అప్‌డేట్లు చూసుకోవాలి. 2 జీబీ ర్యామ్‌తో అది కష్టమనిపిస్తోంది. బాష్ (లినక్స్ కమాండ్లను నడిపే షెల్) స్క్రిప్టుతోనే నడుపుకుంటున్నవారు దయచేసి చెప్పగలరు.

కాజీపేట_లినక్స్:
నిక్షేపంగా సరిపోతుందండి. అయితే పోస్ట్-రిసీవ్ హుక్‌లోనే (పుష్ అందగానే సర్వర్‌లో గిట్ నడిపే స్క్రిప్టులోనే) బిల్డ్ నడిపితే, అది పూర్తయ్యేదాకా పుష్ చేసినవారి టెర్మినల్ ఆగిపోతుంది. హుక్ కమిట్ ఐడీని (ఆ మార్పు గుర్తింపును) ఒక ఫైలులో చేర్చి తప్పుకోవాలి. క్రాన్ (నిర్ణీత సమయాలకు పనులు నడిపే లినక్స్ సాధనం) నిమిషానికోసారి నడిపే మరో స్క్రిప్టు దాన్ని తీసుకుని, ఖాళీ ఫోల్డర్‌లోకి కోడ్ తెచ్చుకుని బిల్డ్ చేయాలి. పాత ఫోల్డర్‌నే వాడితే, రిపాజిటరీ నుంచి తీసేసిన ఫైలు తాలూకు పాత అవుట్‌పుట్ మిగిలి, పాస్ కాకూడని టెస్టు పాసవుతుంది.

కరీంనగర్_టెస్టర్:
నా దృష్టిలో అసలు ప్రమాదం వేరే ఉంది. లాగ్ తెర మీదా, ఫైలులోనూ కనబడాలని చాలామంది ‘మేక్ టెస్ట్ | టీ బిల్డ్.లాగ్’ అని రాస్తారు. ఇందులో మేక్ టెస్టులు నడుపుతుంది, నిలువు గీత (పైపు) దాని అవుట్‌పుట్‌ను టీ అనే కమాండ్‌కు పంపుతుంది, టీ దాన్ని తెర మీదా ఫైలులోనూ రాస్తుంది. పైపులో చివరి కమాండ్ ఫలితాన్నే బాష్ మొత్తం ఫలితంగా తీసుకుంటుంది. టెస్టులు ఫెయిలై మేక్ 2 (విఫలం) ఇచ్చినా, లాగ్ సరిగ్గా రాసిన టీ 0 (విజయం) ఇస్తుంది కనుక స్క్రిప్టు ‘అంతా బాగుంది’ అనే చెబుతుంది. స్క్రిప్టు మొదట్లోనే ‘సెట్ -ఇ -ఓ పైప్‌ఫెయిల్’ (పైపులో ఏ కమాండ్ ఫెయిలైనా స్క్రిప్టు ఆగిపోయేలా) రాసి, కావాలనే ఒక టెస్టు చెడగొట్టి, బిల్డ్ ఫెయిలైందని మెయిల్ వచ్చిందో లేదో చూశాకే దాన్ని నమ్మండి.

హనుమకొండ_డెవ్:
ఇద్దరికీ ధన్యవాదాలు. చేత్తో నడిపితే బిల్డ్ అవుతోంది కానీ, క్రాన్ నుంచి నడిపితే ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే కమాండ్) దొరకడం లేదంటోంది.

కాజీపేట_లినక్స్:
మీ బాష్‌ఆర్‌సీని (బాష్ మొదలైనప్పుడు చదివే సెట్టింగుల ఫైలును) క్రాన్ చదవదు. క్రాన్ పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) సాధారణంగా ఒకటి రెండు ఫోల్డర్లే ఉంటాయి. పూర్తి పాత్‌ను స్క్రిప్టులోనే రాయండి.

జగిత్యాల_అడ్మిన్:
ఒక్క మాట చేరుస్తాను. ఒక బిల్డ్ నడుస్తుండగా రెండోది మొదలుకాకుండా లాక్ ఫైలును మనమే సృష్టించి, చివర్లో తీసేసే పద్ధతి పెట్టుకుంటే, మధ్యలో కరెంటు పోయినప్పుడు ఆ ఫైలు డిస్కు మీదే మిగిలిపోతుంది. ఆపైన ఎవరైనా చూసి తీసేదాకా ఏ బిల్డూ కదలదు. దానికి బదులు ఫ్లాక్ (లాక్ పట్టుకునే లినక్స్ కమాండ్) వాడండి. ఆ లాక్ కెర్నల్ (లినక్స్ మూల భాగం) చేతిలో ఉంటుంది కాబట్టి, ప్రాసెస్ పోగానే అదీ పోతుంది.

హనుమకొండ_డెవ్:
పాత్ రాశాక క్రాన్ నుంచి కూడా బిల్డ్ అయింది. ఫ్లాక్ పెట్టి, టెస్టు చెడగొట్టి చూస్తాను.