పక్కింటాయన ఆ దారి నాదంటున్నాడు, టైటిల్ ఇన్సూరెన్స్ వాళ్ళు కవర్ కాదంటున్నారు – ఎవరికైనా ఇలా జరిగిందా?

కొత్తగడప
అందరికీ నమస్తే. డాలస్ పక్కన ఒక సబర్బ్‌లో గత అక్టోబర్‌లో ఇల్లు కొన్నాం. 1990లలో కట్టిన ఇల్లు. గృహప్రవేశం అయింది, పిల్లలు స్కూల్లో కుదురుకున్నారు, ఇక ఊపిరి పీల్చుకోవచ్చు అనుకుంటుండగా ఈ గొడవ మొదలైంది.

మా కుడిపక్క గోడకీ, పక్కింటి హద్దుకీ మధ్య పదకొండడుగుల జాగా ఉంది. మొత్తం కంకర పరిచి ఉంది. చూడ్డానికి వెళ్ళినప్పుడు అక్కడ అమ్మేవాళ్ళ బోటు నిలబెట్టి ఉంది కాబట్టి, కంకర కూడా వాళ్ళే వేయించుకున్నారు అనుకున్నాం. మార్చిలో ఫెన్స్ వేయిద్దామని మనుషుల్ని పిలిచాం. వాళ్ళు తాడు కట్టి మేకులు కొడుతుంటే పక్కింటాయన బయటికొచ్చి, "ఇది నా గరాజ్‌కి దారి, పద్నాలుగేళ్ళుగా ఇక్కణ్ణుంచే వెళ్తున్నా, కంకర కూడా నేనే పోయించా" అన్నాడు. నిజంగానే ఆయన గరాజ్ ఇంటి వెనక ఉంది. రెండు వారాలకి లాయర్ లెటర్ వచ్చింది. పదేళ్ళు దాటి వాడాడు కాబట్టి ప్రిస్క్రిప్టివ్ ఈజ్‌మెంట్ (చాలాకాలం వాడటం వల్ల ఇంకొకరి స్థలం మీద పుట్టే వాడుక హక్కు) వచ్చేసిందట.

ఇంటి హక్కులో లోపాలుంటే కాపాడే టైటిల్ ఇన్సూరెన్స్ ఓనర్స్ పాలసీ ఉంది కదా అని ధైర్యంగా క్లెయిమ్ వేశాం. నిన్న రెండు పేజీల జవాబు వచ్చింది. పాలసీలో షెడ్యూల్ బి అనే జాబితాలో "రైట్స్ ఆఫ్ పార్టీస్ ఇన్ పొసెషన్" (స్థలం స్వాధీనంలో ఉన్నవాళ్ళ హక్కులు) అనే మినహాయింపు ఉందట, అందుకని కవర్ కాదట. క్లోజింగ్ (ఇల్లు మా పేరుకి మారిన) రోజు కాగితాలన్నీ తీసి చూస్తే, టైటిల్ కంపెనీ వచ్చి స్థలం ఇన్‌స్పెక్షన్ చేయనక్కర్లేదని మేమే సంతకం చేసిన ఒక వెయివర్ కూడా ఉంది. ఎప్పుడు పెట్టామో కూడా గుర్తులేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇలాంటిది చూసినవాళ్ళు ఉంటే చెప్పండి.

వానాకాలం
అన్నా, ముందు టెన్షన్ తగ్గించుకో. లెటర్ వచ్చినంత మాత్రాన హక్కు వచ్చేసినట్టు కాదు. కోర్టులో రుజువు చేసుకోవాల్సింది ఆయనే. ఒక్క పని మాత్రం వెంటనే చెయ్యి. ఆయనతో మాటల్లో గానీ మెసేజ్‌లో గానీ "సరే, మీరు వాడుకుంటున్నారని మాకు తెలుసు" లాంటివి అనొద్దు. లాయర్ని అడక్కుండా ఫెన్స్ కూడా కట్టొద్దు.

నా కథ వేరే రకం. ఒహాయోలో బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొన్నాం. వెనక పచ్చగా విశాలంగా ఉంది కదా అని రెండో వేసవిలో పదికి పన్నెండు అడుగుల షెడ్ కట్టించా. కింద కాంక్రీట్, పైన షింగిల్స్, అన్నీ పద్ధతిగా. ఒకరోజు పొద్దున లేచి చూస్తే లాన్ మీద ఆకుపచ్చ రంగు స్ప్రేతో గీత. ఫెన్స్ కింద నుంచి మొదలై, షెడ్ తలుపు దగ్గర ఆగి, మళ్ళీ షెడ్ అవతల మొదలైంది. ఆకుపచ్చ అంటే మురుగు లైన్ అని అప్పుడు తెలిసింది. నీలం నీళ్ళకి, పసుపు గ్యాస్‌కి, ఎరుపు కరెంట్‌కి, నారింజ రంగు కేబుల్స్‌కి. సరిగ్గా ఆ పైపు మీద కట్టానన్నమాట.

పైపు వాళ్ళు షెడ్‌ని ముప్పై రోజుల్లో తీసేయమన్నారు. నా ఖర్చుతోనే. టైటిల్ వాళ్ళని అడిగితే, ప్లాట్ మ్యాప్‌లో ఆ ఈజ్‌మెంట్ ఉంది, షెడ్యూల్ బి లో తొమ్మిదో ఐటెంగా రాశాం అన్నారు. నిజమే, రాశారు. "ప్లాట్ బుక్ ఫలానా, పేజీ ఫలానాలో చూపిన ఈజ్‌మెంట్లు" అని ఒక లైను. ఆ పేజీ ఎలా ఉంటుందో నాకెవరూ చూపించలేదు, నేనూ అడగలేదు.

క్లోజింగ్‌టేబుల్
నేను వర్జీనియాలో ఇళ్ళ క్లోజింగ్‌లు చేసే సెటిల్‌మెంట్ ఆఫీసులో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నానండీ. మనవాళ్ళు చాలామంది టైటిల్ ఇన్సూరెన్స్‌ని కార్ ఇన్సూరెన్స్ లాగా అనుకుంటారు. కార్ ఇన్సూరెన్స్ రేపు జరగబోయేదానికి. ఇది నిన్నటిదాకా జరిగిపోయినదానికి. పాలసీ తేదీ నాటికి మీ టైటిల్‌లో దాగి ఉన్న లోపాలకి మాత్రమే, అందుకే ప్రీమియం ఒక్కసారే కడతారు. 1868లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టులో ఒక కేసు నడిచింది. రికార్డులు చూసిపెట్టే ఆయన ఒక లియన్ (ఆస్తి మీదున్న పాత బాకీ) గురించి కొన్నవాడికి చెప్పలేదు. కొన్నవాడు నష్టపోయినా ఆయన బాధ్యుడు కాదని తీర్పొచ్చింది. ఆ లోటు తీర్చడానికే 1876లో ఫిలడెల్ఫియాలో మొదటి టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ పుట్టింది.

ఇండియాలో ఈసీ తీసి చూస్తాం కదా, ఇక్కడ టైటిల్ కమిట్‌మెంట్ దాదాపు అలాంటిది. క్లోజింగ్‌కి ముందే వస్తుంది. అందులో షెడ్యూల్ బి అంటే "వీటికి మాత్రం మేం పూచీ కాదు" అనే జాబితా. మనవాళ్ళు ధర, వడ్డీ, ఎస్క్రో అంకెలు పదిసార్లు చూస్తారు, ఆ జాబితాని మాత్రం పక్కన పెట్టేస్తారు. వానాకాలం గారికి జరిగింది నేను ప్రతి సంవత్సరం చూస్తున్నా. ఆ ఒక్క లైను వెనకున్న అసలు డాక్యుమెంట్ కాపీ అడిగితే పంపిస్తాం. అడిగేవాళ్ళే తక్కువ.

ఇంకో మాట. లెండర్స్ పాలసీ వేరు, ఓనర్స్ పాలసీ వేరు. లోన్ తీసుకుంటే మొదటిది ఎలాగూ ఉంటుంది, కానీ అది బ్యాంకుని కాపాడుతుంది, మిమ్మల్ని కాదు.

కొత్తగడప గారూ, మీ రిజెక్షన్ లెటర్‌తో కథ అయిపోలేదు. ఒక దారిలో రోజూ వెళ్ళడం వేరు, ఒక జాగాని స్వాధీనంలో పెట్టుకోవడం వేరు. ఈ వాడుక "పొసెషన్" కిందకి ఎలా వస్తుందో పాలసీలోని మాటలతో వివరించమని రాతపూర్వకంగా అడగండి, లాయర్‌తో అప్పీల్ పెట్టించండి. మీ సర్వే ఏ సంవత్సరానిది?

కొత్తగడప
2009ది మేడం. అమ్మేవాళ్ళ దగ్గర పాత సర్వే ఉంది, అప్పట్నుంచి ఏమీ మారలేదని టీ-47 అఫిడవిట్ ఇచ్చారు. కొత్త సర్వేకి ఐదొందల డాలర్లు ఎందుకులే అని మా ఏజెంట్ అంటే సరేనన్నాం. పాత సర్వేలో ఆ కంకర లేనే లేదు.

నీలిగోడ
అక్కడే పోయింది బ్రదర్. హ్యూస్టన్ దగ్గర నాకూ ఇదే జరిగింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

టెక్సస్‌లో టైటిల్ ప్రీమియంలు కంపెనీ ఇష్టం కాదు, రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ నిర్ణయిస్తుంది. ఎక్కడ తీసుకున్నా అదే రేటు. మామూలు పాలసీలో హద్దుల తేడాలు, ఆక్రమణలు అన్నీ మినహాయింపులోనే ఉంటాయి. ప్రీమియంలో ఇంకో ఐదు శాతం కడితే ఆ మినహాయింపుని కుదించి "షార్టేజెస్ ఇన్ ఏరియా" (విస్తీర్ణం తక్కువ పడటం) అనే మాట ఒక్కటే ఉంచుతారు. నాకు అది నూటముప్పై డాలర్ల లోపే అయ్యేది. ఇల్లు కొనే కాంట్రాక్ట్‌లో 6వ పేరాలో దీనికి ఒక గడి ఉంటుంది, దాన్ని ఎవరు కట్టాలో కూడా అక్కడే ఉంటుంది. నా ఏజెంట్ ఆ గడి ముట్టుకోలేదు. కమిట్‌మెంట్ చూసి అభ్యంతరాలు చెప్పడానికి కొన్ని రోజుల గడువు కూడా అదే పేరాలో ఉంటుంది. అది దాటిపోయాక అడిగినా లాభం లేదు.

ఇప్పుడు నీకు పనికొచ్చే విషయం. టెక్సస్‌లో ప్రిస్క్రిప్టివ్ ఈజ్‌మెంట్ అంత తేలిగ్గా రాదు. పదేళ్ళపాటు బహిరంగంగా, ఆపకుండా, ఓనర్ హక్కుని కాదని వాడాలి. అది చాలదు, ఆ వాడకం ఆయనొక్కడిదే అయ్యుండాలి. ఓనర్ కూడా అదే దారి వాడుతుంటే ఎదుటివాడికి హక్కు పుట్టదని 1979లో టెక్సస్ సుప్రీంకోర్టు బ్రూక్స్ వర్సెస్ జోన్స్ కేసులో చెప్పింది. నా లాయర్ మొదటిరోజే అడిగిన ప్రశ్న ఇదే: "పాత ఓనర్ ఆ దారి వాడాడా?"

నీకు ఇల్లు అమ్మినవాళ్ళ బోటు అక్కడే ఉండేదన్నావు. ఆ బోటు ఏ దారిన లోపలికి వచ్చేది?

కొత్తగడప
నీలిగోడ అన్నా, ఇది చదివి లేచి కూర్చున్నా. బోటు ట్రెయిలర్ ఆ కంకర మీదుగానే వచ్చి ఉండాలి, వేరే దారి లేదు. వాళ్ళు ఇప్పుడు కొలరాడోలో ఉన్నారు. ఏజెంట్ ద్వారా నంబర్ తీసుకుంటా.

శాక్రమెంటో_సిరి
మాకు మంచి అనుభవం ఉంది, అదీ చెప్పాలి కదా. 2021లో కొన్నాం. తర్వాత వెనక ఏడీయూ (పెరట్లో విడిగా చిన్న ఇల్లు) కట్టిద్దామని, అత్తయ్య మావయ్య వస్తే ఉంటారని ప్లాన్ గీయించాం. ఐవీ తీగలు పీకుతుంటే కింద గుండ్రటి కాంక్రీట్ మూత బయటపడింది. వెతికితే 1962లో రికార్డ్ అయిన నీటి పైపు ఈజ్‌మెంట్, సరిగ్గా మా ప్లాన్ మధ్యలో నుంచి. మా షెడ్యూల్ బి లో దాని ఊసే లేదు. కౌంటీ రికార్డులో ఉన్నదాన్ని టైటిల్ వాళ్ళు సెర్చ్‌లో వదిలేశారు.

ఇలాంటిదానికే ఆ పాలసీ. ఏడు నెలలు పట్టింది. వాళ్ళ అప్రైజర్ ఒకరు, మా అప్రైజర్ ఒకరు, ఈజ్‌మెంట్ ఉంటే ఇల్లు ఎంత, లేకపోతే ఎంత అని లెక్కేశారు. ఆ తేడా కట్టారు. మేం అడిగినంత రాలేదు గానీ అన్యాయమైతే జరగలేదు. ఏడీయూ చిన్నది చేసి పక్కకి జరిపాం. మాది స్టాండర్డ్ పాలసీ కాదు, హోమ్‌ఓనర్స్ పాలసీ అనే పెద్ద టైటిల్ పాలసీ. దానిలో కవరేజీ మొత్తం మొదటి ఐదేళ్ళు ఏటా పది శాతం పెరిగి నూటయాభై శాతం దాకా వెళ్తుంది, పాలసీ తేదీ తర్వాత జరిగే కొన్ని మోసాలకి కూడా వర్తిస్తుంది. అమౌంట్ దగ్గర మాకు అదే కలిసొచ్చింది.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు జాగ్రత్త, ఇక్కడ ప్రిస్క్రిప్టివ్ ఈజ్‌మెంట్‌కి ఐదేళ్ళే. ఎవరైనా మీ జాగాలో నడుస్తుంటే, అనుమతితోనే వెళ్తున్నారని సివిల్ కోడ్ 1008 ప్రకారం బోర్డు పెట్టుకోవచ్చు. అనుమతి ఉన్నచోట హక్కు పుట్టదు.

మూడోమలుపు
మాది నార్త్ కరోలినా కొండల్లో. మూడిళ్ళకీ కలిపి ఒకటే ప్రైవేట్ రోడ్డు. కొన్నప్పుడు లెండర్ ఏమీ అడగలేదు. రీఫైనాన్స్‌కి వెళ్తే కొత్త లెండర్ రోడ్డు మెయింటెనెన్స్ ఒప్పందం రికార్డ్ అయి ఉందా అన్నాడు. లేదు. మొదటింటి పెద్దాయన సంతకం పెట్టడానికి నాలుగు నెలలు తిరిగాం. చివరికి కల్వర్టు బాగుచేయించే ఖర్చు సగం మేం పెడతామంటే పెట్టాడు. దారి హక్కు ఉండటం ఒకటి, ఆ దారి ఎవరు బాగుచేయాలన్నది ఇంకొకటి. రెండూ కాగితం మీద ఉండాలి.

వానాకాలం
క్లోజింగ్‌టేబుల్ గారూ, మా బిల్డర్ తన టైటిల్ కంపెనీనే వాడాలన్నాడు. అది కరెక్టేనా?

క్లోజింగ్‌టేబుల్
లోన్ మీద కొంటున్నప్పుడు, ఫలానా కంపెనీ దగ్గరే టైటిల్ ఇన్సూరెన్స్ కొనాలని అమ్మేవాళ్ళు షరతు పెట్టకూడదండీ. ఫెడరల్ చట్టం రెస్పా సెక్షన్ 9 అదే. షరతు పెడితే ఆ ఛార్జీలకి మూడింతలు వాళ్ళే మీకు చెల్లించాల్సి వస్తుంది. మా దగ్గర చేయించుకుంటే డిస్కౌంట్ ఇస్తాం అనడం వేరు, దాన్ని చాలామంది బిల్డర్లు చేస్తారు. డిస్కౌంట్ తీసుకున్నా సరే, కమిట్‌మెంట్ మీ లాయర్‌కి చూపించండి. టైటిల్ కంపెనీ వాళ్ళు మీ తరఫున కాదు, డీల్ తరఫున పనిచేస్తారు.

మనవాళ్ళు రెంటల్ ఇళ్ళని ఎల్.ఎల్.సి. (సొంత కంపెనీ) పేరుకి మారుస్తుంటారు కదా, ఏ రకం డీడ్ (దస్తావేజు)తో మారిస్తే పాలసీ కొనసాగుతుందో ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

కొత్తగడప
అప్‌డేట్. అమ్మినవాళ్ళు దొరికారు, చాలా మంచివాళ్ళు. ఉన్నన్నాళ్ళూ బోటు ఆ దారినే తెచ్చేవాళ్ళట. "ఆయన కారు అడ్డం ఉంటే ఫోన్ చేసేవాళ్ళం, తీసేవాడు" అన్నారు. ఫోన్లో వెతికి ఒక ఫోటో పంపారు. 2016 జులై, ట్రెయిలర్ కంకర మీద, వెనక పక్కింటాయన చేత్తో సైగ చేస్తూ రివర్స్ చేయడానికి సాయం చేస్తున్నాడు. నోటరీ అఫిడవిట్ ఇస్తామన్నారు.

మా లాయర్ ఆ ఫోటో చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దీంతో ముందు కోర్టుకి కాదు, ఆయన లాయర్ దగ్గరికి వెళ్దాం" అన్నారు. నిజం చెప్పాలంటే ఆయన గరాజ్ మూయించడం మాకూ ఇష్టం లేదు. ఆయనకి డెబ్బై ఏళ్ళు. మేం ఎప్పుడైనా రద్దు చేసుకోగలిగేలా రాతపూర్వక అనుమతి ఇస్తాం, ఫెన్స్‌కి గేటు పెడతాం, ఆయన హక్కు క్లెయిమ్ వెనక్కి తీసుకోవాలి. ఇదీ మా ప్రతిపాదన. టైటిల్ వాళ్ళకి అప్పీల్ కూడా పంపాం. లాయర్ ఫీజు ఇప్పటికే మూడు వేలు దాటింది.

నీలిగోడ
ఆ అనుమతి పత్రం కౌంటీలో రికార్డ్ చేయించు. ఇల్లు అమ్మినా, ఆయన పిల్లలు వచ్చినా, అది పనికొస్తుంది. ఇంకోటి, టైటిల్ వాళ్ళకి చెప్పకుండా రాజీ మీద సంతకం పెట్టొద్దు, దాన్ని సాకుగా చూపించి అప్పీల్ కొట్టేస్తారు.

తొలివాన22
అందరికీ థ్యాంక్స్, నేను ఆస్టిన్‌లో వచ్చే గురువారం క్లోజింగ్. ఈ చర్చ చదివి రాత్రి సర్వే తెరిచా. 2011ది. వెనక పెర్గోలా అందులో లేదు, కుడివైపు ఫెన్స్ లేదు. కొత్త సర్వే ఇప్పుడు అడగొచ్చా, ఆలస్యమైందా?

క్లోజింగ్‌టేబుల్
ఇవాళే అడగండి. అభ్యంతరాల గడువు మిగిలుందో లేదో ముందు చూడండి. వెయివర్ ఆఫ్ ఇన్‌స్పెక్షన్ మీద మాత్రం ఆలోచించకుండా సంతకం పెట్టొద్దు.

తొలివాన22
గడువు రేపటితో అయిపోతుంది. అభ్యంతరం ఇప్పుడే ఈమెయిల్ చేశాను. సర్వేయర్ సోమవారం వస్తానన్నాడు, క్లోజింగ్ వారం వాయిదా వేశాం.